వీణ బదులు విహుయేలా

మా పై ఇంటి విశ్వనాథం గారు అబద్ధం ఆడరు. ఈ సంగతి ఆయనే చెప్పారు, చాలాసార్లు. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక యంత్రాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి, మిల్లీమీటరులో నూరోవంతు తేడాని కూడా క్షమించకుండా రిటైరైన మనిషి. కాకినాడ పాలిటెక్నిక్‌లో చదివి 1969లో ఇక్కడ దిగారు. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో తెలుగు వినాలంటే అద్దం ముందు నిలబడి తనతో తనే మాట్లాడుకోవాల్సి వచ్చేదట. ఇప్పుడు నాలాంటి బ్లూ కార్డు వీసా వాళ్ళు వందల్లో వచ్చి పడ్డాం. అద్దమే నయమని ఆయన అభిప్రాయం.

నా పేరు ప్రవీణ, మాది కరీంనగర్. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. కరోనా వచ్చి ఆఫీసు ఇంటికి వచ్చేశాక, పై ఇంట్లో ఏం జరుగుతోందో వినడం కూడా ఉద్యోగంలో భాగమైంది. పాత బిల్డింగు, చెక్క కప్పు. పైన చెంచా పడితే కింద నాకు ఏ సైజు చెంచానో తెలుస్తుంది. ఆ ముసలి దంపతులకి వారానికి రెండుసార్లు సామాన్లు నేనే తెచ్చి, గుమ్మం ముందు పెట్టి, మీటరున్నర వెనక్కి జరిగి నిలబడేదాన్ని. ఆయన తలుపు తీసి కథలు మొదలుపెట్టేవారు. బయట తిరగడం ఎలాగూ లేదు కాబట్టి నేనూ వినేదాన్ని.

ఆయన భార్య మంగతాయారు గారు. ఆచారం గల ఇంటి పిల్ల. యాభై ఏళ్ళు జర్మనీలో ఉండి ఆవిడ నేర్చుకున్న జర్మన్ అంతా తినకూడని వస్తువుల పేర్లే. ఎదురింటివాళ్ళని బాగున్నారా అని అడగడానికి తడుముకుంటారు గానీ, పొట్లాల వెనక చీమతల అక్షరాల్లో ఉండే మాటల్లో ఆవిడకి తెలియనిది లేదు. జెలటీన్ దేనితో చేస్తారో, చీజ్‌లో వేసే లాబ్ ఏ దూడ కడుపులోంచి వస్తుందో అన్నీ కంఠస్థం. ఇంట్లోకి వచ్చిన ఏ పొట్లమైనా భూతద్దం కింద పడాల్సిందే. ఒకసారి నేను తెచ్చిన పెరుగు డబ్బా పది నిమిషాల్లో మళ్ళీ నా గుమ్మం ముందుంది. "ఇందులో అది ఉందమ్మా" అన్నారు. అది అంటే ఏదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

2020 ఏప్రిల్‌లో ఒకరోజు విశ్వనాథం గారు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పారు.

"వచ్చే ఫిబ్రవరికి మా పెళ్ళయి యాభై ఏళ్ళమ్మా. మంగకి వీణ ఇద్దామనుకుంటున్నాను."

"ఆంటీ వీణ వాయిస్తరా?"

"పెళ్ళికి ముందు బాగా వాయించేది. బొబ్బిలి వీణ ఉండేది, వాళ్ళమ్మగారు చేయించినది. వచ్చేటప్పుడు విమానంలో ఇరవై కిలోలే ఒప్పుకునేవారు. పెట్టెతో సహా తూచి చూశాను. ముందు నువ్వు పద, తర్వాత ఓడలో తెప్పిస్తానన్నాను."

"యాభై ఏండ్లయినా ఓడ రాలేదా అంకుల్?"

"పనుల్లో పడిపోయాం కదమ్మా" అన్నారు. మగవాళ్ళు చేసిన తప్పుకి బహువచనం ఎంత సుఖంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

యాభై ఏళ్ళు ఊరుకుని, సరిగ్గా ప్రపంచమంతా తలుపులు మూసుకున్నప్పుడు ఆయనకి వీణ గుర్తొచ్చింది. విమానాలు లేవు, పార్శిళ్ళు లేవు. ఎవరో చెబితే బిల్క్ పేటలో తీగ వాయిద్యాలు చేసే లిండ్‌నర్ అనే ఆయన దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని వెళ్ళారు. వీణ చేస్తారా అని అడిగితే, అదేమిటో తనకి తెలియదన్నాడు లిండ్‌నర్. విహుయేలా ఒకటి మాత్రం సిద్ధంగా ఉందన్నాడు. ఎవరో సంగీత విద్వాంసుడు చేయించుకుని, కచేరీలన్నీ రద్దయి, వద్దనుకున్నాడట.

ఆ విహుయేలా గురించి తర్వాత ఎనిమిది నెలలు నేను విన్నదంతా ఇక్కడ రాస్తే మీరు కూడా మీటరున్నర వెనక్కి జరుగుతారు. టూకీగా చెబుతాను. ఐదారు వందల ఏళ్ళ కిందట స్పెయిన్‌లో దొరలూ వాళ్ళ ఉద్యోగులూ వాయించుకున్న వాయిద్యం అది. చూడటానికి గిటార్‌లా ఉంటుంది, శ్రుతి మాత్రం వేరు. తీగలు ఆరు జంటలు. మెట్లు లోహం కాదు, మెడ చుట్టూ తీగలాంటిదే బిగించి కట్టిన ముడులు. అవసరమైతే వేలితో అటూ ఇటూ జరపవచ్చు. చిన్న గదిలో నలుగురికి వినిపించేంత గొంతు దానిది. పదహారో శతాబ్దంలో ఒక నలభై ఏళ్ళపాటు దానికోసం పుస్తకాలు అచ్చు వేశారు. వాటిలో స్వరాలు ఉండవు. ఆరు గీతలు గీసి, ఏ తీగ మీద ఎన్నో మెట్టులో వేలు పెట్టాలో అంకెలు వేస్తారు. ఆ తర్వాత గిటార్ వచ్చి ఊడ్చేసింది. వందేళ్ళు తిరక్కుండా విహుయేలా వాయించేవాళ్ళూ పోయారు, వాయిద్యాలూ పోయాయి. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద అప్పటివి మూడో నాలుగో మిగిలాయి. పారిస్‌లో రెండు, దక్షిణ అమెరికాలో ఒక చర్చిలో ఒకటి. వాటిలో ఏది అసలైనదో పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు.

జూన్‌లో విశ్వనాథం గారు దాన్ని కొనేశారు. ఫిబ్రవరి దాకా ఆగడం ఎందుకు, ఇంటికెళ్ళగానే మంగ చేతిలో పెట్టేద్దామనుకున్నారట. పెట్టెలో సర్దుతూ లిండ్‌నర్ గర్వంగా అన్నాడు, తీగలూ మెట్లూ అన్నీ స్వచ్ఛమైన గొర్రెపేగుతో చేసినవి, అచ్చం పాతకాలంలో లాగే అని.

ఆయన నోట్లో వెలక్కాయ పడింది. భూతద్దం పట్టుకుని పెరుగు డబ్బాలు తిప్పి పంపే మనిషి ఒళ్ళో గొర్రె పేగు పెట్టడమా! నైలాన్ తీగలు వేయమని అడిగారు. లిండ్‌నర్ మొహం మాడ్చుకుని గ్యారంటీ కాగితం చూపించాడు. పేగు తీగలు కాక వేరేవి కడితే గ్యారంటీ చెల్లదు. ముప్ఫై ఆరేళ్ళు జర్మన్ ఫ్యాక్టరీలో ఉన్నవాడు భార్యకిచ్చిన మాట తప్పగలడు గానీ గ్యారంటీ షరతు తప్పలేడు.

పెట్టె మోసుకుని మెట్లెక్కుతుంటే నేను చూశాను. పైన గుమ్మంలో మంగతాయారు గారు నిలబడి ఉన్నారు.

"ఏమిటండీ అది?"

"వాయిద్యం."

"ఎవరికండీ?"

ఆయన పెట్టె ఇంకో చేతికి మార్చుకున్నారు. "నాకే. నేర్చుకుందామని" అన్నారు. ఆవిడ ఆయన్నీ పెట్టెనీ మార్చి మార్చి చూసి, చేతులు కడుక్కోండని మాత్రం చెప్పారు.

ఆ విధంగా, సరిగమలో స తర్వాత ఏమొస్తుందో తెలియని మనిషి డెబ్బై మూడో ఏట విద్వాంసుడయ్యారు. లిండ్‌నర్ అదనంగా ఇచ్చిన తీగల కవర్లు స్పానర్ల పెట్టెలో దాచారు. పొద్దున పదకొండు నుంచి పన్నెండు దాకా సాధన. నేను ఆ గంట మీటింగులు పెట్టుకోవడం మానేశాను. మొదట మూడు వారాలు ఆయన ఆ ఆరు గీతల్నీ తలకిందులుగా చదివారు. చాలా పుస్తకాల్లో పై గీత అంటే లావు తీగ అట, ఈయన సన్నదనుకున్నారు. ఆ సంగతి ఆయనే కనిపెట్టి, సరిచేసి, ఎంతో సంబరంగా నాకు చెప్పారు. నాకైతే ముందుకీ తర్వాతకీ తేడా వినిపించలేదు.

"ఆంటీకి చెప్పేయున్రి అంకుల్. ఏమనరు" అన్నాను.

"అమ్మో! ఇంట్లోంచి నన్నూ దాన్నీ కలిపి గెంటుతుంది. నేనెప్పుడూ మంగతో అబద్ధం ఆడలేదమ్మా, ఇది కూడా అబద్ధం కాదు. చెప్పలేదంతే" అన్నారు.

అక్టోబరులో తెలుగు సంఘంవాళ్ళు జూమ్‌లో దసరా పెట్టారు. పిల్లల డాన్సుకీ క్విజ్‌కీ మధ్య విశ్వనాథం గారికి పది నిమిషాలిచ్చారు, విహుయేలా చరిత్ర మీద. ఆయన ముప్ఫై స్లైడ్లు చేశారు. మూడో స్లైడు దగ్గరే సంఘం అధ్యక్షుడు గోవిందరాజులు అడ్డుపడ్డారు.

"ఇది మన వీణ నుంచే వెళ్ళిందని చెప్పండి విశ్వనాథం గారూ, మనవాళ్ళు సంతోషిస్తారు."

"దానికి ఆధారం లేదండీ" అన్నారు ఈయన.

అంతే, కింద చాట్‌లో తిట్లు మొదలయ్యాయి. ఆధారం లేకపోతే వెతకాలి గానీ అలా లేదనేస్తారా అని ఒకరు, విదేశాల్లో ఎక్కువకాలం ఉంటే ఇంతేనని ఇంకొకరు. తర్వాత ఆయన ఒక చిన్న పాట వాయించారు. అంత చిన్న గొంతుని జూమ్ ఫ్యాన్ చప్పుడనుకుని తుడిచేసింది. డెబ్బై కిటికీల్లో డెబ్బై కుటుంబాలు, ఒక ముసలాయన వేళ్ళు కదపడం నిశ్శబ్దంగా చూసి చప్పట్లు కొట్టాయి. ఆయన వాయిద్యం బాగుందని అందరూ ఒప్పుకున్న రోజు అదొక్కటే.

నవంబరు కల్లా మళ్ళీ అన్నీ మూతపడ్డాయి. అప్పుడే ఆయనకి కొత్త ధైర్యం వచ్చింది. విహుయేలా దానంతటదే శ్రుతిలోకి వస్తోందట.

"మొదట్లో రోజూ గంటసేపు బిరడాలు తిప్పేవాణ్ణమ్మా. ఇప్పుడు పొద్దున పెట్టె తీస్తే శ్రుతి సరిగ్గా ఉంటోంది. మెట్లు కూడా వాటి చోట్లలోకి అవే జరిగాయి. ఇదంతా గదిలో తేమ. నేను రాసి పెడుతున్నాను."

నిజంగానే రాశారు. ఉష్ణోగ్రత ఇంత, తేమ ఇంత, శ్రుతి బాగుంది. నాలుగు నెలల పట్టిక. వాయిద్యం మెడ దగ్గర కాస్త కొబ్బరినూనె వాసన వస్తోందనీ, అది చెక్కలోంచి ఊరే జిగురనీ కూడా రాశారు. ఇంజనీర్లకి కళ్ళ ముందున్నది తప్ప అన్నీ కనబడతాయి. ఆయన్ని అనడం ఎందుకు, తప్పులు పట్టడానికే జీతం తీసుకునే నేను చేసిందేమిటి? రోజూ నాలుగింటికి ఆయన రైన్ నది ఒడ్డున నడకకి వెళ్ళేవారు. ఆ గంటలో పై నుంచి చక్కటి సంగీతం వినిపించేది. ఆంటీ యూట్యూబ్ పెట్టుకుంటారనుకుని, హాయిగా కాఫీ తాగుతూ వినేదాన్ని.

ఫిబ్రవరిలో ఆ రోజు వచ్చింది. బెర్లిన్‌లో ఉన్న కూతురు తార రాలేదు. ఒక ఇంటికి బయటి మనిషి ఒక్కరే వెళ్ళవచ్చన్నది అప్పటి నియమం. ఆ ఒక్క మనిషీ నేనే. యాభై ఏళ్ళ పెళ్ళి వేడుకకి మొత్తం బంధుగణంగా హాజరయ్యాను.

పులిహోర, పరమాన్నం అయ్యాక విశ్వనాథం గారు పెట్టె తెరిచారు. ఎనిమిది నెలలు సాధించిన పాట భార్యకి వినిపించాలని ఆయన కోరిక. అసలు ఇవ్వాల్సినది ఇవ్వలేకపోయినందుకు ఇదైనా చేద్దామని. రెండో వరసలోనే సన్నతీగ టప్‌మని తెగింది. పాపం, ఆయన మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

లోపలికెళ్ళి స్పానర్ల పెట్టెలోంచి కవరు తెచ్చారు. కంగారులో అది చేతిలోంచి జారి, సరిగ్గా మంగతాయారు గారి కాళ్ళ దగ్గర పడింది. పేగు అన్న జర్మన్ మాట పెద్దక్షరాల్లో పైకే ఉంది. నేను కాలు వేసి కప్పబోయాను. ఆవిడ నా కంటే ముందే వంగి తీశారు. భూతద్దం కోసం వెతకలేదు.

"ఇలా ఇవ్వండి. ముడి వెయ్యడం మీకు రాదు" అన్నారు.

కవరులోంచి తీగ తీసి, పూలదండ కట్టినంత తేలిగ్గా ముడి వేసి, బిరడా తిప్పి శ్రుతి చేశారు. సోఫా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కొంగు చాటు నుంచి చిన్న కొబ్బరినూనె గిన్నె తీసి ఎడమచేతి వేళ్ళకి రాసుకున్నారు. విహుయేలాని ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుని వాయించడం మొదలుపెట్టారు. రోజూ నాలుగింటి కాఫీతో నేను విన్న యూట్యూబ్ అదే!

విశ్వనాథం గారికి అప్పటికీ భయమే. "మంగా, ఆగు. ఆ తీగలు... గొర్రె..."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీరు తెచ్చిన మర్నాటి నుంచి. ఇంట్లోకి వచ్చిన పొట్లం నేను చదవకుండా ఉంటానా?"

"మరి ముట్టుకున్నావేం?"

"మృదంగానికి తోలు కాక తామరాకు కడతారటండీ? దసరాకి దాన్ని పీట మీద పెట్టి బొట్టు పెట్టమూ? మోగేదానికి అంటు ఏమిటి? అంటు తినేదానికి" అని ఒక తీగ మీటి, అది ఆగేదాకా ఆగారు. "అసలు పేగు అన్న జర్మన్ మాట నేను నేర్చుకున్నదే మీ కోటు జేబులో. డెబ్బై నాలుగులో ఉతకబోతే ఏదో తిని పారేసిన పొట్లం కాగితం దొరికింది, దాని మీద ఆ మాట ఉంది. కింద ఇంటావిణ్ణి అడిగితే పొట్ట మీద వేలు తిప్పి చూపించింది, సాసేజ్ పైతోలు అని. కాంటీన్లో బంగాళాదుంపలే తింటానని ముప్ఫై ఆరేళ్ళు చెప్పారు. నేనేమైనా అన్నానా?"

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. ఈ పిల్లి రిటైరై పెన్షన్ కూడా తీసుకుంటోంది. అబద్ధం ఆడని విశ్వనాథం గారు నా వైపు చూశారు. నేను పరమాన్నం గిన్నె వైపు చూశాను.

"అంతా తెలిసి ఎనిమిది నెలలు ఊరుకున్నావా?" అన్నారు చివరికి.

"ఒకటి చెప్పండి" అన్నారావిడ. "స్పెయిన్‌లో ఎప్పుడో పోయిన వాయిద్యాలు ఎన్ని మిగిలాయో, ఏది ఏ ఊళ్ళో ఉందో ఊరందరికీ చెబుతారు కదా. నా వీణ ఎక్కడుంది?"

ఆయనకి తెలియదు. తెలియకపోవడం ఆయనకి అలవాటు లేదు. గభాలున లేచి ఫోన్ తీసుకున్నారు. సామర్లకోటలో ఉన్న మరదలు భానుమతికి కలిపి, చెవి సరిగా వినబడదు కాబట్టి స్పీకర్ పెట్టారు. యాభై ఏళ్ళలో ఆయన తనంతట తాను మరదలికి ఫోన్ చేయడం అదే మొదటిసారట. అటు భానుమతి గారి గుండె ఆగినంత పనైంది.

"బావగారూ! మీరా? అక్కకేమైనా అయిందా?"

"ఏం కాలేదు, ఇక్కడే ఉంది. భానూ, మంగ వీణ మీ ఇంట్లోనే ఉండాలి కదూ?"

"వీణేమిటి బావగారూ? అది డెబ్బై రెండులోనే ఇచ్చేశాం కదండీ. మీరే ఉత్తరం రాశారు. మంగకి ఇక్కడ వాయించే తీరికా లేదు, ఇంట్లో చోటూ లేదు, ఎవరికైనా ఇచ్చేయండని. నాన్నగారు ఆ కాగితం పట్టుకుని రెండ్రోజులు అరుగు మీదే కూర్చున్నారు. ఆ తరవాత పిఠాపురం నుంచి ఎవరో వచ్చి పట్టికెళ్ళారు."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత వినడమే గానీ, ఆ అల్లుణ్ణి ఎదురుగా చూడటం నాకు అదే మొదటిసారి. ఆయన నటించలేదు. నిజంగానే మరిచిపోయారు. ఒక మనిషి ప్రాణం లాంటి వస్తువుని రెండు వాక్యాల్లో ఇచ్చేసి, ఇచ్చేసిన సంగతి కూడా మరిచిపోయి, ఓడ రాలేదనుకుంటూ బతికారు. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అదే క్షణంలో ఆ మొహం చూసి జాలీ వేసింది. ఫోన్ పెట్టేసి, అది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"నీకు..." అన్నారు.

"అదీ తెలుసు" అన్నారు మంగతాయారు గారు. "నాన్నగారు ఆ ఉత్తరం నాకు అప్పుడే పంపేశారు. పెట్టెలో ఉంది. మీకు గుర్తుందో లేదో చూద్దామని అడిగాను. చూశాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఏడుపు కూడా లేదు. అవి రెండూ డెబ్బై రెండులోనే అయిపోయినట్టున్నాయి.

విశ్వనాథం గారు మెల్లగా వచ్చి సోఫా పక్కన నేల మీద కూర్చున్నారు. మోకాళ్ళు సహకరించక చాలాసేపు పట్టింది. వాయిద్యం అంచు మీద వేలు ఆనించి అన్నారు.

"ఇది నాకోసం కొనలేదు మంగా. నీకే తెచ్చాను. గుమ్మంలో నువ్వడిగినప్పుడు చెప్పాల్సింది."

ఆవిడ ఆయన వేలిని దాని మీంచి తీసి పక్కన పెట్టారు.

"అయితే ఇకనుంచి మీరు దీన్ని ముట్టుకోకండి" అన్నారు.

తర్వాత నూనె గిన్నెలో వేళ్ళు ముంచుకుని, ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.